హుసేనమ్మ ఇంటి పడమటి హద్దు

2022 వేసవి. ప్రొద్దుటూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎదురు వరసలో, ఒక దస్తావేజు లేఖరి దగ్గర నేను పనిలో చేరి అప్పటికి మూడేళ్లు దాటింది. అంగడి రామసుబ్బయ్య సార్‌ది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక పొడవాటి బల్ల. ఆయన మనుషులతో మాట్లాడతాడు, నేను టైపు చేస్తాను. నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెగలదు కాబట్టి ఈ ఏర్పాటు మా ఇద్దరికీ నచ్చింది.

మా పని తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఇల్లు అమ్మినా, జాగా రాసిచ్చినా, దస్తావేజు చివర షెడ్యూల్ అని ఒక భాగం ఉంటుంది. ఆస్తి ఎక్కడుంది, ఎంత కొలత ఉంది, నాలుగు దిక్కులా ఏమున్నాయి అన్నది అందులో రాస్తాం. ఆ నాలుగు దిక్కుల వివరాన్నే చెక్కుబంది అంటారు. కొలతకూ చెక్కుబందికీ పొంతన కుదరకపోతే చాలాసార్లు చెక్కుబందికే విలువ ఇస్తారని మా వీధిలో అందరికీ తెలుసు. సెంట్లు లెక్కపెట్టడంలో మనిషి తప్పుతాడు కానీ పక్కన ఎవరి గోడ ఉందో తప్పడని దాని వెనక నమ్మకం.

ఇంకొకటి మా వీధి అలవాటు. ఆస్తి అంతకుముందు చేతులు మారినప్పటి పాత కాగితాన్ని లింక్ డాక్యుమెంట్ అంటాం. అందులోని చెక్కుబందిని ఉన్నది ఉన్నట్టు కొత్త కాగితంలోకి ఎక్కిస్తాం. పేరు మారిస్తే పాతదానికీ కొత్తదానికీ పొంతన కుదరలేదని ఆఫీసులో అడ్డం చెబుతారేమోనని భయం. అందుకే మా కాగితాల్లో ఎప్పుడో పోయినవాళ్లు ఇప్పటికీ ఇళ్ల పక్కన హద్దులుగా నిలబడి ఉంటారు. పాత దస్తావేజులు చదవడం నాకు ఇష్టంగా ఉండేది. ఫలానా ఆయన గానుగ, ఫలానా ఆమె ఎనుముల దొడ్డి అని చదువుతుంటే లేని ఊరొకటి కళ్లముందు కనబడేది. ఆ ఇష్టమే నన్ను ఒకసారి ముంచింది.

ఆ వేసవిలో ఒక ఉదయం హుసేనమ్మ, ఆమె కూతురు రమీజా మా అంగడికి వచ్చారు. వాళ్లు దూదేకుల వాళ్లు. పరుపులు, దిండ్లు కుట్టడం హుసేనమ్మ పని. అరవై దాటిన మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. రమీజా ఒక్కతే సంతానం, కువైట్‌లో ఒక ఇంట్లో వంట పని చేస్తుంది. సెలవు మీద వచ్చి మళ్లీ వెళ్లబోతోంది. టికెట్టుకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

"ఇల్లు బిడ్డ పేరు మీద రాసియ్యాల సామీ," అంది హుసేనమ్మ సార్‌తో. "నేను కండ్లు మూస్తే మా అన్న కొడుకులు భాగానికొస్తారు. మా మతంలో ఒక్క ఆడబిడ్డే ఉంటే మొత్తం బిడ్డకు రాదంట గదా. ఆ ఇల్లు ఈమె రెక్కల కష్టం. పైకప్పు ఈమె ఏపిచ్చిందే. నేనుండంగానే అయిపోవాల."

"అయిపోతాదిలేమ్మా. దాన సెటిల్‌మెంట్ అంటాం. తీసుకునే మనిషి కూడా ఉంటే మంచిది. ఈ వారంలోనే చేసేద్దాం," అన్నాడు సార్.

నేను ముందుగా ఈసీ తీశాను. ఒక ఆస్తి మీద ఇంతవరకు జరిగిన లావాదేవీలన్నీ చూపించే పత్రం అది. హుసేనమ్మకు తన వీధిలో ఆరు సెంట్లు ఉండేవి. పడమటి సగంలో ఇల్లు, తూర్పు సగం ఖాళీ. ఆ ఖాళీ మూడు సెంట్లను మూడేళ్ల క్రితం జమ్మలమడుగులో ఉండే నాగభూషణం అయ్యవారికి అమ్మింది. ఆయన బడిలో పనిచేసి రిటైరైన మనిషి. ఈసీలో ఆ అమ్మకం కనబడింది. కొలత మూడు సెంట్లు, సరిగ్గానే ఉంది. కింద చెక్కుబంది చదివాను. ఉత్తరం మునిసిపల్ రస్తా. దక్షిణం చిన్న ఓబులేసు దొడ్డి. తూర్పు గంగయ్య ఇల్లు. పడమర కంబగిరి ఇల్లు.

పడమర కంబగిరి ఇల్లు కాదు. ఖాళీ జాగాకు పడమర ఉన్నది హుసేనమ్మ సొంత ఇల్లు. కంబగిరి ఇల్లు దానికి అవతల ఉంది. ఆ కాగితం ప్రకారం గంగయ్య గోడ నుంచి కంబగిరి గోడ దాకా ఉన్నదంతా, ఇంటితో సహా, అయ్యవారిది. కూతురికి రాసివ్వడానికి హుసేనమ్మ చేతిలో ఇక కాగితం మీద ఏమీ మిగల్లేదు.

డాక్యుమెంట్ నంబరు చూశాను. నేను చేరిన మొదటి నెలల్లోది. లింక్ డాక్యుమెంట్ నుంచి ఆరు సెంట్ల చెక్కుబందిని అలాగే ఎక్కించి, కొలత మాత్రం మూడుకు మార్చింది నేనే. కంబగిరి అనే పేరు బాగుందని అనుకున్నట్టు కూడా గుర్తుంది.

ఎవరికీ చెప్పకుండా ఉండొచ్చు. హుసేనమ్మ పేరుతో పాత కాగితం ఉంది కదా అని సెటిల్‌మెంట్ చేసేస్తే రమీజా విమానం ఎక్కేది. పేచీ ఎప్పుడో పదేళ్లకు వచ్చేది. అప్పుడు ఆమె కువైట్ నుంచి వచ్చి కోర్టు చుట్టూ తిరిగేది. స్క్రీను సార్ వైపు తిప్పాను.

"సార్, ఈ పడమర తప్పు. రాసింది నేనే."

ఆయన అద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకుని చదివాడు.

"నువ్వు రాసిందాన్ని చూసి సంతకం చేసింది నేను గదా," అన్నాడు చివరికి. "సగం నాది."

తల్లీకూతుళ్లకు విషయం నేనే చెప్పాను. కాగితం మీద ఒక బొమ్మ గీసి చూపించాను. రమీజా మొహం నల్లబడింది. హుసేనమ్మ మాత్రం బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"కంబగిరి యాడ్నుంచొచ్చినాడు మధ్యలోకి? వాడు సచ్చి ఎన్నేండ్లాయ," అంది. "ఆ పొద్దు ఇది నాకు చదివి చెప్పింటే, ఆ పేరు ఇనంగానే ఆపింటా గదా పాపా?"

దస్తావేజు చివర 'చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని' అని రాస్తాం. ఆ రోజు నేను చదివి వినిపించలేదు. బల్ల నిండా జనం. అంతమందిలో గొంతెత్తి చదవడానికి సిగ్గుపడి, వేలు ఎక్కడ పెట్టాలో చూపించి ఊరుకున్నాను. ఆమె అడిగిన దానికి నా దగ్గర ఒకటే జవాబు ఉంది. "తప్పు నాదే పెద్దమ్మా. దిద్దిస్తా," అన్నాను.

దిద్దడానికి రెక్టిఫికేషన్ డీడ్ ఉంది, అంటే సవరణ దస్తావేజు. ఖర్చు పెద్దగా లేదు. కానీ అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఇద్దరూ వచ్చి సంతకం చేయాలి. అయ్యవారు రాకపోతే కోర్టే దిక్కు. సార్ ఫోన్ చేస్తే అయ్యవారి కొడుకు ప్రసాద్ ఎత్తాడు. చిలమకూరు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రిజిస్టరైన కాగితాన్ని మళ్లీ కదిపేది లేదని చెప్పి పెట్టేశాడు. సార్ మరుసటి రోజు మళ్లీ చేశాడు. ఎత్తలేదు.

"నేను పోయొస్తా సార్," అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వా? ఆడికి పోయి మాట్లాడాల పాపా. టైపు కొట్టేది కాదు."

"తెలుసు సార్."

ఆదివారం పొద్దున జమ్మలమడుగు బస్సెక్కాను. దారంతా చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకున్నాను. అయ్యవారి ఇంటి గడప దగ్గరికి వెళ్లేసరికి ఒక్కటీ గుర్తులేదు. అందుకని కాగితాలు తీసి ఆయన చేతిలో పెట్టాను. పాత దస్తావేజు నకలు, ఆయన దస్తావేజు నకలు, నేను గీసిన బొమ్మ. పడమటి హద్దు కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టి ఉంది.

ఆయన చదివి నవ్వాడు. "పిల్లోల్ల పేపరు నేను దిద్దేటోన్ని. రాసినోల్లే దిద్దుకోని తెచ్చిచ్చేది ఇప్పుడే చూస్తాండా."

ప్రసాద్ లోపలినుంచి వచ్చాడు. నవ్వలేదు. "ఏందమ్మా, ఫోన్లో చెప్పినా గదా. ఒకసారి రిజిస్టరైనాక మళ్లీ సంతకం అడిగితే అందులో ఏందో ఉంటాదని మావాళ్లు చెప్పినారు. ఈ పొద్దు పడమర అంటాండావు. రేపొచ్చి తూర్పు అంటావు."

"మీరు కొన్నది ఖాళీ జాగా గదన్నా."

"కొన్నది ఏందనేది కాగితం చెప్తాది. కాగితం రాసింది మీరే."

అయ్యవారి వైపు చూశాను.

"వాడు అనేదాంట్లో కూడా న్యాయముంది పాపా," అన్నాడు ఆయన. "ఒకసారి చూడకుండా పెట్టిన సంతకం గదా ఇది. రెండోసారి కూడా చూడకుండా ఎట్ల పెట్టేది?"

"చూసే పెట్టండి సార్. జాగా దగ్గరికి రండి. చెక్కుబంది నేను చదువుతా, అన్న ఒక్కొక్క హద్దు తాకి రావాల. నాలుగూ తాకగలిగితే నేను మళ్లీ అడగను."

ఈ మాట ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. మంగళవారం తనకు సెలవు అన్నాడు ప్రసాద్.

మంగళవారం పది గంటలకు అందరం హుసేనమ్మ వీధిలో ఉన్నాం. సార్ టేపు పట్టుకొచ్చాడు. ఇంటి ముందు అరుగు మీద సగం కుట్టిన పరుపు ఆరబెట్టి ఉంది. పక్కిళ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు గోడల మీద నుంచి చూస్తున్నారు. నేను ఖాళీ జాగా మధ్యలో నిలబడి, అయ్యవారి దస్తావేజును అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాను. మొదటి మాట సరిగా బయటికి రాలేదు. రెండోది వచ్చింది.

"ఉత్తరం, మునిసిపల్ రస్తా."

ప్రసాద్ వెళ్లి రోడ్డు మీద కాలు పెట్టి వచ్చాడు.

"తూర్పు, గంగయ్య ఇల్లు."

గోడను చేత్తో తట్టాడు. "దక్షిణం, చిన్న ఓబులేసు దొడ్డి," అంటే ముళ్లకంప పక్కగా వెళ్లి దొడ్డి గోడ కూడా తాకాడు.

"పడమర, కంబగిరి ఇల్లు."

పడమరకు నడిచాడు. పదడుగుల్లో హుసేనమ్మ ఇంటి గోడ అడ్డం వచ్చింది. ఆగాడు.

"ఏదీ కంబగిరి ఇల్లు?"

"ఇది నా ఇల్లప్పా," అంది హుసేనమ్మ. "కంబగిరిది ఆ పక్క. మా ఇంట్లో నుంచే పోవాల. రా, దావ సూపిస్తా."

"అవసరం ల్యా."

"అట్లంటే ఎట్ల? నాలుగూ తాకాల గదా."

అయ్యవారు చేతులు కట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. ప్రసాద్ గడప దగ్గర చెప్పులు విడిచాడు. మేమంతా వెనకాలే వెళ్లాం. ముందు గదిలో నడుమెత్తు దూది. దాన్ని హుసేనమ్మ కాలితో పక్కకు నెట్టి దారి చేసింది. ప్రసాద్ ప్యాంటు మోకాళ్ల దాకా తెల్లగా అయింది. దాని వెనక పడమటి గది వంటిల్లు. రమీజా పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది. రొట్టె మీద నుంచి కళ్లు ఎత్తకుండానే అంది:

"ఆ గోడేన్నా మీ హద్దు. మసి ఉండాది, చొక్కా జాగర్త."

ప్రసాద్ చెయ్యి చాపాడు. గోడకు జానెడు దూరంలో ఆగింది. మూకుళ్లు, చాటలు, మేకుకు తగిలించిన రమీజా తండ్రి ఫోటో అతని తల చుట్టూ ఉన్నాయి.

"తాకప్పా," అంది హుసేనమ్మ వెనకనుంచి.

"ఉండనీమ్మా," అంటూ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రమీజా రొట్టె తిరగేసింది. "కాగితం లెక్కన ఈ పొయ్యి గూడా మీదే గదా. కూచోండి, ఒక రొట్టె తినండి. మీ ఇంట్లో మీకు మొగమాటం ఏందన్నా?"

గుమ్మంలో నిలబడిన సార్‌కు నవ్వు ఆగలేదు. అయ్యవారు కూడా నవ్వాడు. ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అతను కూర్చున్నాడు. ఇచ్చిన రొట్టె, వంకాయ పచ్చడి తిన్నాడు. తింటూనే అసలు మాట బయటపెట్టాడు.

"నా భయం ఇల్లు గురించి కాదు. రేపు మేం ఆడ ఇల్లు కట్టుకుంటాం. ఈ గోడ ఎవరిది, చూరు నీళ్లు ఎవరివైపు పడాల, మావైపు కిటికీలు పెడ్తారేమో. కాగితం మార్చినాక ఇవన్నీ మా నెత్తికి రావని ఏం నమ్మకం?"

ఇది న్యాయమైన మాట. ఫోన్లోనే ఈ మాట అనుంటే సగం దారి అప్పుడే అయిపోయేది. కానీ ఫోన్లో మేము ఎవరమూ అడగలేదు. అడగాల్సిన పని మాదే. నేను నోట్‌బుక్కు తీశాను.

"గోడ పెద్దమ్మది. చూరు నీళ్లు మీవైపు పడకుండా రేకు గొట్టం పెట్టి రోడ్డు మీదికి దించాల. కిటికీలు?"

"కిటికీ నాకెందుకు?" అంది హుసేనమ్మ. "గాలి తగిలితే ఇంట్లో దూదంతా లేసి మీ ఇంటికే వస్తాది. నాకు గోడే మంచిది. రాసుకో పాపా, కిటికీ పెట్టనని."

"నేనొచ్చినాక గొట్టం నేనే ఏపిస్తా," అంది రమీజా.

"నువ్వు వచ్చేలోపల రెండు వానాకాలాలు పోతాయి," అన్నాడు ప్రసాద్. ఈసారి గొంతులో పట్టుదల లేదు. "మా నాయనకు తెలిసిన మేస్త్రీ ఉండాడు. పంపిస్తాం. డబ్బులు మీరిద్దురు."

సార్, ప్రసాద్ ఇద్దరూ టేపు పట్టి ఖాళీ జాగా కొలిచారు. మూడు సెంట్లే. అయ్యవారు ఇంటి తూర్పు గోడ పక్కన నిలబడి తన సంచిలోంచి పెన్ను తీసి, నేను ఇచ్చిన నకలు మీద 'కంబగిరి' అన్న చోట తానే కొట్టేశాడు. పైన 'హుసేనమ్మ ఇంటి తూర్పు గోడ' అని రాసి నాకు ఇచ్చాడు. గుండ్రటి బడి అక్షరాలు.

గురువారం రిజిస్ట్రేషన్ అనుకున్నాం. రాహుకాలం ఒకటిన్నరకు మొదలవుతుంది కాబట్టి అంతలోపే అయిపోవాలన్నది అయ్యవారి ఒకే ఒక షరతు. శనివారం రమీజా విమానం కోసం మద్రాసు వెళ్లాలి. బుధవారం మధ్యాహ్నం నేను గోడ, చూరు నీళ్లు, కిటికీల మాట కూడా చేర్చి సవరణ దస్తావేజు టైపు చేస్తుంటే సార్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇలాంటి కాగితంలో తప్పు ఎందుకు జరిగిందో కారణం రాయాలి.

"టైపింగ్ పొరపాటు వలన అని కొట్టు," అన్నాడు.

మా వీధిలో అందరూ రాసేది అదే. నా వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. టైపింగులో తప్పేమీ లేదు. పాత కాగితంలో ఉన్నది ఒక్క అక్షరం పోకుండా ఎక్కించాను.

"అది అబద్ధం అవుతుంది సార్. స్థలం చూడకుండా లింక్ డాక్యుమెంట్ లోని చెక్కుబందిని ఎక్కించినందున అని రాస్తా."

"అంగడి పేరు కింద అచ్చవుతాది పాపా. రేపు ఎవరు నకలు తీసినా ఆ మాట ఉంటాది. ఆఫీసులో పుస్తకాలు కాలిపోయేదాకా."

"ఉండనియ్యండి సార్. పదేళ్లకు ఎవరన్నా ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఎందుకు మారిందో తెలియాల గదా. టైపింగ్ పొరపాటు అంటే ఏ తప్పో వాళ్లకు ఏమి తెలుస్తుంది?"

ఆయన లేచి బయటికి వెళ్లి టీ తెచ్చుకున్నాడు. నాకు కూడా ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు. దస్తావేజు చివర లేఖరి సంతకం పెట్టేటప్పుడు ఎప్పటికన్నా నెమ్మదిగా పెట్టాడు.

గురువారం పన్నెండుకు మా వంతు వచ్చింది. అంతకుముందే బల్ల దగ్గర, ఇతర పార్టీలు చుట్టూ ఉండగానే, రెండు దస్తావేజులూ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. పడమటి హద్దు వచ్చినప్పుడు "ఊ," అంది.

సబ్ రిజిస్ట్రార్ సవరణ దస్తావేజు తీసుకుని కారణం దగ్గర ఆగాడు. తలెత్తి, "ఇది ఎవరు రాసినారు?" అని అడిగాడు.

సార్ నోరు తెరిచేలోపు "నేను సార్," అన్నాను.

"లేఖరులు తమ తప్పు ఇంత వివరంగా రాసుకోరమ్మా."

"జరిగింది అదే సార్."

ఆయన పేజీ తిప్పి అయ్యవారిని వేలిముద్ర వేయమన్నాడు. ఆ తర్వాత సెటిల్‌మెంట్ కాగితం. "ఇల్లు ఇష్టపూర్తిగానే ఇస్తున్నావా అమ్మా?" అని హుసేనమ్మను అడిగాడు.

"ఇష్టం ల్యాకపోతే ఈ ఎండకు ఎందుకొస్తానప్పా," అంది ఆమె, వేలు ముందుకు చాపుతూ.

ఒంటి గంటకు పది నిమిషాల ముందు రెండు దస్తావేజులూ అయిపోయాయి. రమీజా రసీదును మడిచి పాస్‌పోర్టు ఉన్న సంచిలోనే పెట్టుకుంది. ఆమె నాకు థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. వెళ్లేముందు ఒక మాట మాత్రం అడిగింది. "ఇట్లాంటివి మీ దగ్గర ఇంకెన్ని ఉండాయో?"

ఆ ప్రశ్న నన్ను వారం పాటు కూర్చోబెట్టింది. మొదటి ఏడాదిలో నేను టైపు చేసిన దస్తావేజుల్లో, ఆస్తిలో కొంత విడగొట్టి అమ్మినవి ఏవేవో డైరీల్లో ఉన్నాయి. ఏ రోజు ఏ పార్టీ వచ్చిందో రాసుకునే అలవాటు ఆ విధంగా పనికొచ్చింది. నకళ్లు తీసి ఒక్కొక్కటే చూశాను. పులివెందుల పార్టీది ఒకటి అనుమానంగా అనిపించింది. సార్‌తో కలిసి వెళ్లి చూస్తే ఆ హద్దు సరిగ్గానే ఉంది. ఎండలో అంత దూరం వృథాగా వెళ్లామని ఆయన అనలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చిన్న విషయం. హద్దు అనేది కాగితంలో ఉండదు, నేల మీద ఉంటుంది. ఒక గోడకు ఇటువైపు ఎవరు రొట్టె కాలుస్తున్నారో తెలియకుండా అటువైపు ఎవరిదో రాయకూడదు. ఇప్పుడు ఆస్తిలో కొంత భాగం అమ్ముతున్నామని ఎవరు వచ్చినా ముందు స్థలం చూపించమని అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. "యాడన్నా లేఖరి జాగా చూసేకి వస్తాదా? పక్కంగట్లో అరగంటలో రాసిస్తారు," అంటారు. చూడకుండా రాయనని చెబుతాను. గొంతు ఇప్పటికీ చిన్నదే. కానీ ఆ మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.